తలుపు కింద తీగ

ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలు. రాత్రి మొదలైన వాన ఎనిమిదింటికి వెలిసింది; గాలి లేదు, ఎండ రాలేదు, కిటికీ అద్దాల మీద చినుకులు జారకుండా నిలిచి ఉన్నాయి. అంబులెన్సు పిలుపుల కేంద్రం రెండో అంతస్తులో ఉపాధికారిణి తన కుర్చీని కొద్దిగా పక్కకు జరుపుకొని, ఎదుటి తలుపు పూర్తిగా కనిపించేటట్టు కూర్చుంది. ఆ తలుపు ఈ రోజు గట్టిగా మూసుకుంటుందని ఆమెకు తెలుసు. మూసుకోవాలనే ఆమె కోరిక.

సిబ్బంది ఆమెను రెండోమేడమ్ అంటారు, ఆమె వినకుండా. మొదటివాడు పెద్దసారు, కేంద్రానికి అధిపతి. ఆయన పదవీకాలం ఆ నెలతో ముగుస్తుంది. పదిన్నరకు రానున్న కమిటీ కేంద్రం పనితీరు చూసి, ఆయనకే మరికొన్నేళ్ళు పొడిగించాలో, ఆ కుర్చీని ఆమెకు ఇవ్వాలో తేల్చి వెళ్తుంది. విశ్వవిద్యాలయంలో తనకు మొదటి స్థానం వచ్చిన ఏడాది ఆయన ఒక పేపరు తప్పాడన్న సంగతి ఆమె ఏనాడూ ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండానే అందరికీ తెలిసేటట్టు చూసుకుంది. అంతటి మనిషి, కేవలం రెండేళ్ళు ఆలస్యంగా ఉద్యోగంలో చేరిన పాపానికి, ఒక తప్పిన పేపరు కింద పనిచేస్తోంది. ఆ కుర్చీ తనకు రావడం న్యాయమని ఆమె నమ్మకం. న్యాయం తనంతట తాను నడిచి రాదని కూడా ఆమెకు తెలుసు.

దీనికి తోడు చుట్టరికం ఒకటి. ఆయన స్వయానా ఆమె ఆడపడుచు భర్త. ఇంట్లో "అన్నయ్యగారూ" అని, ఆఫీసులో "సార్" అని పిలిచేది. రెండు పిలుపుల్లోనూ ఉండే విషం ఒకటే; ఆఫీసులో మోతాదు కొంచెం ఎక్కువ.

ఆ ఉదయం ఆడపడుచు ఫోను చేసింది.

"ఏమ్మా, మీ అన్నయ్యగారు పొద్దున్నించీ అద్దం వదలడం లేదు. ఉపన్యాసం నాకు మూడుసార్లు వినిపించారు. కాస్త నువ్వూ చప్పట్లు కొట్టు, నీ సొమ్మేం పోదు."

"కొడతాను వదినా. అందరికంటే చివర ఆపేది నేనే."

"నీ మాటలకేం గాని, ఆ హాలు గోలలో ఆయనకి నోట మాట రాదు. తలుపు గట్టిగా వేసుకోమని చెప్పు."

"వేసుకుంటారు వదినా. నాకా బెంగ లేదు."

ఆమె బెంగలేనితనానికి కారణం తెలియాలంటే యంత్రాల సంగతి కొంత చెప్పాలి. కష్టమైనదేమీ కాదు, ఆ ఇద్దరు పెద్దమనుషులకు తప్ప ఎవరికైనా అర్థమవుతుంది. కేంద్రానికి రెండు సర్వర్లున్నాయి. ప్రధాన సర్వరు పెద్దసారు గదిలో, అద్దాల అరలో, నీలి దీపాల వెలుగులో ఉంటుంది. బ్యాకప్ సర్వరు ఉపాధికారిణి బల్ల పక్కన, ఒకప్పుడు చీపుళ్ళు దాచుకున్న కొట్లో ఉంటుంది. ఏ పిలుపు వచ్చింది, ఏ బండి ఎటు కదిలింది అన్నదంతా ప్రధానమైనది రాస్తుంది. రెండోది దాన్ని చూసి క్షణక్షణం నకలు తీసుకుంటుంది. రెంటి నడుమ సన్నని బూడిదరంగు తీగ ఒకటుంది. దాని గుండా రెండోది "ఉన్నావా?" అని అడుగుతూనే ఉంటుంది, మొదటిది "ఉన్నాను" అంటూనే ఉంటుంది. జవాబు ఆగితే, మొదటిది పోయిందని తలచి రెండోది పగ్గాలు అందుకుంటుంది.

ఏర్పాటు మంచిదే. అందులో లొసుగు ఒక్కటే: పోయినది మొదటి యంత్రమో, నడుమనున్న తీగో రెండోదానికి తెలియదు. తీగే తెగితే, బతికున్న మొదటిది తన పని తాను చేసుకుపోతుంది. అది చచ్చిందనుకొని రెండోదీ అదే పని మొదలుపెడుతుంది. ఒకే ఇంటికి ఇద్దరు యజమానులు, ఒకరి మాట ఒకరికి వినిపించదు.

ఆ లొసుగు పూడ్చడానికి మూడో పెట్టె ఒకటి ఉండాలి. తగువు వచ్చినప్పుడు ఎవరు బతికున్నారో చూసి చెప్పే సాక్షి అది. కొన్నారు కూడా. ఇద్దరు అధికారులూ సంతకం చేస్తేగాని దాని సీలు విప్పకూడదు. కాగితంలో సంతకాల గళ్ళు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. కింది గడిలో సంతకం పెడితే కిందిదాన్నని ఒప్పుకున్నట్టవుతుందని ఆమె పెట్టలేదు. ముందు తాను పెడితే ఆమె ఆమోదానికి పంపినట్టవుతుందని ఆయన పెట్టలేదు. పెట్టె బీరువాలోకి వెళ్ళింది. బీరువా తాళంచెవులు మాత్రం ఇద్దరి దగ్గరా చెరొకటి ఉన్నాయి; సమానత్వానికి అక్కడ లోటు రాలేదు.

ఇక తలుపు. ఫోనులో మాట్లాడుతుంటే హాలులోని గోల అడ్డం వస్తోందని పెద్దసారు తన గదికి కొత్త తలుపు చేయించాడు: బరువైన చెక్క, అంచుల చుట్టూ రబ్బరు, కింద ఎత్తయిన గడప, మనిషి ముఖమంత గాజు పలక. బూడిదరంగు తీగ మొదటినుంచీ పాత తలుపు కిందినుంచే, నేల మీదనే పోయేది. గోడకు రంధ్రం చేయించాలంటే భవనం యజమానిని అడగాలి; ఆయన అడుగుతాడులే అని ఈమె, ఆవిడ అడుగుతుందిలే అని ఆయన. చివరకు అడిగినవాడు వడ్రంగి ఒక్కడే.

"అమ్మా, ఈ తీగనేం చెయ్యమంటారు? గడప దించితే నలుగుతుంది."

"తలుపు ఎవరిది?"

"సారుది."

"అయితే సారునే అడుగు."

వడ్రంగి లోపలికి వెళ్ళి, వచ్చిన దారినే తిరిగి వచ్చాడు. "తీగల సంగతి మేడమ్ చూసుకుంటారంటున్నారమ్మా."

"ఆహా, ఇవాళ గుర్తొచ్చానా!"

"మరి గడపకి గాడి తియ్యమంటారా, వద్దా? ఒక్క మాట చెప్తే క్షణంలో పని."

"నన్నడిగే తలుపు చేయించారా? నాకేం సంబంధం?"

వడ్రంగి ఆ గది వైపు, ఈ బల్ల వైపు చూశాడు. "మొగుడూ పెళ్ళాల తగువైనా ఇంతకంటే తొందరగా తేలుతుందమ్మా," అని గొణిగి, తీగను గడప పక్కకు నొక్కిపెట్టి, తలుపు బిగించి పోయాడు.

తరువాత రెండు రోజులకే ఆమె కనిపెట్టింది. తలుపు మామూలుగా వేస్తే ఏమీ కాదు. విసిరి వేస్తే రబ్బరు అంచు తీగను గడపకు నొక్కేస్తుంది, ఆమె తెర మూలనున్న పచ్చదీపం ఆరుతుంది. తీస్తే మళ్ళీ వెలుగుతుంది. దీపం కొన్ని క్షణాలు ఆరి ఉంటేనే ప్రమాదఘంట మోగుతుంది; ఇంతవరకు ఆలోపే ఎవరో ఒకరు తలుపు తీస్తూ వచ్చారు. మామూలు రోజుల్లో పెద్దసారు తలుపు విసిరేవాడు కాదు. అతిథులు వచ్చినప్పుడు మాత్రం, ఆ రబ్బరు పనితనం వాళ్ళకు తెలియాలని, బలంకొద్దీ వేసేవాడు. కొత్త బొమ్మ దొరికిన పసివాడికి ఉండే సంతోషం అది.

ఆమె తీగ సరిచేయించలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆమె ఆలోచన చాలా చక్కనిది. కమిటీ వస్తుంది, ఆయన తలుపు విసురుతాడు, దీపం ఆరుతుంది, తలుపు పైన గోడకున్న ప్రమాదఘంట ఊరంతా వినిపించేటట్టు మోగుతుంది. అప్పుడు తాను లేచి, తలుపు తీసి, ఏం జరిగిందో, ఎవరి తెలివి వల్ల జరిగిందో వివరంగా చెబుతుంది. రెండు యంత్రాలూ ఒకదాన్ని ఒకటి చచ్చిందనుకున్నప్పుడు ఏమవుతుందన్నది ఆమె పరీక్షలో ఆరు పేజీల జవాబు రాసి మొదటి స్థానం తెచ్చుకున్న ప్రశ్న. ఆ జవాబును ఇన్నేళ్ళకు మళ్ళీ అప్పజెప్పే అవకాశం వచ్చింది.

ఆమెకు తెలియనిది ఒకటుంది. ముందురోజు సాయంత్రం, ఆమె ఇంటికి వెళ్ళాక, పెద్దసారు బల్ల మీద కుర్చీ వేయించి, దాని మీదికెక్కి, ఆ ఘంట వైరును స్వహస్తాలతో ఊడదీశాడు. అతిథులున్నంతసేపు ఏ కూతా వినపడకూడదని ఆయన కోరిక. ఆమెకు చెబితే అడ్డుపుల్ల వేస్తుందని చెప్పలేదు. తీగ సంగతి ఆమె చెప్పలేదు, ఘంట సంగతి ఆయన చెప్పలేదు. ఇద్దరిలో ఎవరు నోరు విప్పినా ఈ కథ లేదు. చదువుకున్నవాళ్ళు గనుక ఇద్దరూ గుంభనంగా ఉన్నారు.

పదింటికి రొట్టెల దుకాణం ఆయన బన్నుల పెట్టె తానే మోసుకుని మెట్లెక్కి వచ్చాడు. పడమటి వీధిలో దుకాణం. కేంద్రంలో అందరికీ ఎరుకే.

"ఎక్కడ పెట్టమంటారు తల్లీ? వేడివేడిగా ఉన్నాయి. మీ కమిటీవాళ్ళు ఇవి తిన్నాక కోప్పడమన్నా కోప్పడరు."

"అక్కడ పెట్టండి."

"పొద్దున్నించీ చెయ్యి తిమ్మిరిగా ఉంది తల్లీ, పిండి పిసికీ పిసికీ..." అంటూ ఎడమచేత్తో పెట్టె దించి, కుడిచేతిని దులుపుకున్నాడు. కుడి కన్ను కూడా కొంచెం వాలినట్టుంది. ఆమె చూపు తలుపు మీదనే ఉంది. ప్రాణాపాయపు లక్షణాలను ఫోనులో ఎలా గుర్తుపట్టాలో సిబ్బందికి ఏడాదికోసారి పాఠం చెప్పేది ఆమే.

కమిటీ సమయానికే వచ్చింది: పొడుగాటి చెవిపోగుల అధ్యక్షురాలు, ఆమె వెనక ఇద్దరు తలలూపేవాళ్ళు. పెద్దసారు ఇస్త్రీ చొక్కాలో, మేకపోతు గాంభీర్యంతో ఎదురు వెళ్ళాడు. ఉపాధికారిణి లేచి నిలబడింది.

"నువ్వు బయట చూసుకో అమ్మా. ఎవరో ఒకరు పని చెయ్యాలిగా," అన్నాడు ఆయన, నవ్వుతూ, అధ్యక్షురాలికి వినిపించేటట్టు.

"అలాగే సార్. ఎప్పుడూ చేస్తున్నదేగా," అంది ఆమె, అదే నవ్వుతో, అంతే వినిపించేటట్టు.

బన్నుల పళ్ళెం లోపలికి వెళ్ళింది. తలుపు ధడేలున మూసుకుంది. తెర మూలన పచ్చదీపం ఆరిపోయింది.

ఆమె చేతులు ఒడిలో పెట్టుకొని ఘంట కోసం ఎదురుచూసింది.

ఘంట మోగలేదు. గాజు పలకలోంచి పెద్దసారు మీసం కదులుతూ కనిపించింది. కొన్ని క్షణాలు ఆలస్యమవుతుందేమో అనుకుంది. మరికొంచెం చూసింది. కొట్లోని బ్యాకప్ సర్వరు గట్టిగా గాలి పీల్చుకున్నట్టు శబ్దం చేసి పగ్గాలు అందుకుంది. ఆమె వెన్ను నిటారైంది. ఇన్నాళ్ళూ చీపుళ్ళ గదిలో మగ్గిన యంత్రం ఒక్క తొట్రుపాటైనా లేకుండా పెత్తనం తీసుకోవడం చూసి ఆమెకు దాదాపు కళ్ళు చెమర్చాయి. ఆ కన్నీరు ఎవరి కోసమో అడగనక్కర్లేదు.

హాలులో పిలుపులు తీసుకునేవాళ్ళ బల్లలు రెండు వరుసలు. గోడ వైపు వరుసకు పెద్దసారు గదినుంచి కేబుళ్ళు వస్తాయి, కిటికీ వైపు వరుసకు కొట్లోంచి. అందువల్ల ఇప్పుడు గోడ వరుస ప్రధాన సర్వరు మాట వింటోంది, కిటికీ వరుస బ్యాకప్ మాట వింటోంది. సంగతి తెలియనిది ఆ బల్లల దగ్గరున్నవాళ్ళకే.

కిటికీ వరుసలో కూర్చునే పెద్దావిడను అందరూ అక్కయ్య అంటారు. నోరు ఊరుకోని మనిషి; ఒక చెవిలో పిలుపు, రెండో చెవిలో పక్కబల్ల కబుర్లు. ఆమెకు ఫోను వచ్చింది.

"అమ్మా, రొట్టెల దుకాణం నించి! మా ఆయన పిండిబల్ల మీదకి వాలిపోయారమ్మా. మూతి పక్కకి పోయింది. మాట్లాడితే ముద్దముద్దగా వస్తోంది!"

"కంగారు పడకమ్మా, పక్కకి తిప్పి పడుకోబెట్టు. బండి పంపిస్తున్నా." బ్యాకప్ సర్వరు లెక్కచూసి, దగ్గర్లో ఖాళీగా ఉన్న ఆరో బండిని పడమటి వీధికి పంపింది. "బండి దారిలో ఉంది" అని అక్కయ్య తెర మీద అక్షరాలు వచ్చాయి.

ఇంచుమించు అదే సమయంలో గోడ వరుసకు తూర్పు వీధినుంచి పిలుపు వచ్చింది: ఎవరి పాపో ముక్కులో పూస పెట్టుకుంది. ప్రధాన సర్వరు లెక్కలో కూడా ఆరో బండి ఖాళీగానే ఉంది. దాన్ని తూర్పుకు పంపింది. బండి డ్రైవరు అప్పటికే పడమర దారి పట్టి, మూడు వీధుల దూరంలోకి వచ్చాడు. బళ్ళ మనుషులకు ఒక పద్ధతి ఉంది: చివరి మాటే మాట. కొత్త ఆజ్ఞ వస్తే పాతది రద్దయినట్టే, ఎందుకని అడగకూడదు. అతను బండి తిప్పుకొని, కూత పెట్టుకుంటూ, పూస కోసం వెళ్ళాడు.

"ఏంటక్కా, ఆరో బండి తూర్పుకి పోతున్నట్టుంది నాకు?" గోడ వరుసలోని అమ్మాయి తల తిప్పి అడిగింది.

"నీ మొహం. నాకు పడమర చూపిస్తోంది. బండికేమైనా రెక్కలొచ్చాయా?" అని, అక్కయ్య మళ్ళీ చూసి, గొంతు మార్చింది. "మేడమ్, ఒకసారి ఇటు రండి. ఇదేదో తేడాగా ఉంది."

ఉపాధికారిణికి తేడా ఏమిటో ఆ క్షణంలోనే పూర్తిగా అర్థమైంది. చేయవలసినది కూడా ఆమెకు వరస తప్పకుండా తెలుసు. మొదట వైర్‌లెస్‌లో ఆరో బండిని పట్టుకోవాలి. తరువాత రెండు సర్వర్లలో ఒకదాన్ని నిలపాలి. అది రాసుకున్నది భద్రపరచాలి. ఆ తరువాతనే తీగను కలపాలి. నిలపకుండా కలిపితే రెండూ ఎదురుపడతాయి. నియమం ప్రకారం ప్రధానమైనది చెప్పిందే నిలుస్తుంది. ఒంటరిగా ఉన్నప్పుడు రెండోది రాసుకున్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఆరు పేజీల జవాబులో ఇది నాలుగో పేజీ.

కానీ గాజు పలకలో మీసం కదలడం ఆగింది. లోపల చప్పట్లు కొడుతున్నారు. ఇప్పుడు వెళ్ళకపోతే మళ్ళీ వెళ్ళలేదు. ఘంట మోగకపోతే తానే ఘంట కావాలని నిశ్చయించుకొని, ఆమె చకచకా నడిచి వెళ్ళి తలుపు బార్లా తీసింది.

తీగ మీది ఒత్తిడి పోయింది. "ఉన్నావా?" అంది రెండోది. "ఉన్నాను," అంది మొదటిది.

"మన్నించాలి," అంది ఉపాధికారిణి, గుమ్మంలో నిలబడి, అద్దం ముందు పెద్దసారు కంటే ఎక్కువసార్లు వల్లె వేసిన గొంతుతో. "ఈ తలుపు మన కేంద్రాన్ని ఇంతసేపూ రెండు ముక్కలు చేసింది. సార్‌కి తెలియకపోవచ్చు. నేను వివరిస్తాను."

"ఏంటమ్మా ఇది, పెద్దలు కూర్చునుంటే!" పెద్దసారు ముఖం కందిపోయింది. "ఏమైనా ఉంటే తర్వాత..."

"చెప్పనివ్వండి," అంది అధ్యక్షురాలు, రెండో బన్ను అందుకుంటూ.

ఆమె చెప్పింది. ఎంత బాగా చెప్పిందంటే, తలలూపేవాళ్ళు ఊపడం మరిచి విన్నారు. గడప చూపించింది, రబ్బరు చూపించింది, వంగి తీగ మీది నొక్కుడు గుర్తు కూడా వేలితో చూపించింది.

"మేడమ్!" వెనకనుంచి అక్కయ్య కేక. "నా తెర మీది పిలుపు పోయింది! మాయమైపోయింది!"

"ఒక్క నిమిషం," అంది ఆమె, వెనక్కి తిరగకుండా చెయ్యెత్తి.

యంత్రంలో లేని పిలుపుకు బండి కదలాలంటే అధికారి నోటిమాట ఉండాలి. ఆ నియమం పెట్టించింది కూడా ఆమే. సిబ్బంది తమ చుట్టాలకు బళ్ళు పంపుకుంటారేమోనన్న అనుమానం కొద్దీ. అక్కయ్య ఆరో బండిని వైర్‌లెస్‌లో పట్టుకుంది.

"తూర్పులో ఉన్నానక్కా. పూస పాపని ఎక్కించుకున్నా. మీరే కదా పొమ్మన్నారు?"

"నేను పడమరకి పొమ్మన్నానయ్యా!"

"నా దగ్గర చివరి మాట తూర్పే. పోనీ ఇప్పుడు ఏది చివరి మాటో ఎవరైనా చెప్పండి, అటే పోతా. బండి ఒక్కటే, నేనూ ఒక్కణ్ణే."

అక్కయ్య మళ్ళీ గుమ్మం వైపు పరుగెత్తింది. అప్పటికి ఉపాధికారిణి మూడో పెట్టె దాకా వచ్చింది. సంతకం ఎవరు పెట్టలేదన్న దగ్గర పెద్దసారు అందుకున్నాడు. "నువ్వు పెట్టలేదు," "మీరు పెట్టలేదు," అని ఇద్దరూ, కమిటీ ఉందన్నది కూడా మరిచి, ఇంటి భోజనాల బల్ల దగ్గర వాదించుకున్నట్టే వాదించుకున్నారు. అధ్యక్షురాలు ఇబ్బందిగా కదిలి, మాట మార్చబోయింది.

"పోనివ్వండి, పోనివ్వండి. ఇంతకీ బన్నులు చాలా మెత్తగా ఉన్నాయి. ఎక్కడివి?"

"ఆ బన్నులు చేసినాయన కోసమే మేడమ్ నేనిక్కడ గొంతు చించుకుంటున్నది!" అంది అక్కయ్య.

గదిలో అందరూ పళ్ళెం వైపు చూశారు. ఉపాధికారిణికి అప్పుడు ఎడమచేత్తో దించిన పెట్టె, దులుపుకున్న కుడిచెయ్యి, వాలిన కన్ను కనిపించాయి; చూడనివి కాదు, చూసి పక్కన పెట్టినవి. "పంపించు, ఏ బండైనా సరే," అంది. దగ్గర్లో మరో బండి లేదు. ఊరి అవతలినుంచి రెండో బండి వచ్చేసరికి రొట్టెల దుకాణం ఆయన భార్య నాలుగోసారి ఫోను చేసింది, రెండోసారీ మూడోసారీ ఆమెకు వచ్చిన జవాబు ఒకటే: "మీ పిలుపు మా దగ్గర లేదమ్మా, మళ్ళీ మొదటినుంచి చెప్పండి."

ఆయన బతికాడు. కుడిచెయ్యి, కుడికాలు రాలేదు. గంట ముందు చేర్చి ఉంటే చెయ్యి నిలిచేదని ఆసుపత్రి డాక్టరు అన్నాడు.

కమిటీ విచారణ జరిపింది. ప్రమాదానికి కారణం గడప అమరికలోని లోపమని, బాధ్యుడు వడ్రంగి అని తేల్చింది. అతనికి మరి ప్రభుత్వపు పని ఇవ్వకూడదని రాసింది. వడ్రంగి అడిగిన ప్రశ్న గురించి పెద్దసారు చెప్పలేదు, ఉపాధికారిణి చెప్పలేదు. ఆ ఇద్దరూ ఒకరి మాట ఒకరు నిలబెట్టిన సందర్భం అదొక్కటే. పెద్దసారుకు పొడిగింపు రాలేదు, సలహాదారు అన్న పేరుతో పైకి పంపారు. సంక్లిష్టమైన సాంకేతిక విషయాన్ని అంత స్పష్టంగా వివరించినందుకు అధ్యక్షురాలు ప్రత్యేకంగా మెచ్చుకొని, కుర్చీ ఆమెకు ఇప్పించింది.

ఆ వారం ఆడపడుచు ఫోను చేసి, "కోరుకున్నది దక్కిందిగా. సంతోషమేనా?" అని అడిగింది.

"సంతోషానికేముంది వదినా, న్యాయం జరిగింది," అంది ఆమె.

"ఎవరికి?" అని ఆడపడుచు అడిగింది. లైను మధ్యలో తెగిందని ఉపాధికారిణి తరువాత తన భర్తతో చెప్పింది.

కొత్త గదిలో ఆమె మొట్టమొదట చేయించిన పని గడపకు గాడి తీయించడం. దానికి పట్టింది క్షణమే. కేంద్రానికి బన్నులు ఇంకెక్కడినుంచో తెప్పించమని నోటిమాటగా చెప్పింది. తన తరువాతి స్థానంలోకి వచ్చిన యువకుడు మంచి చదువరి, ఆమెలాగే మొదటి స్థానంవాడు. వచ్చిన నెలలోనే అతను మూడో పెట్టె సంగతి ఎత్తాడు. కాగితం తెప్పించి చూసి, పై గడి ఖాళీగా ఉండగా కింద సంతకం పెట్టడం పద్ధతి కాదని అతనన్నాడు. కింది గడి నిండకుండా పైది నింపడం తన హోదాకు తగదని ఆమె అంది.

ఎనిమిదేళ్ళ తరువాత కేంద్రం కొత్త భవనానికి మారినప్పుడు, సామాను మోసేవాళ్ళకు బీరువాలో ఆ పెట్టె సీలుతో సహా దొరికింది.